అత్తగారి జడావు హారాన్ని కరిగించాలా, దాచుకోవాలా?

మీరు అడిగింది ఇది: మీ అత్తగారికి వాళ్ల అత్తగారు పెట్టిన జడావు హారం ఇప్పుడు మీ చేతికి వచ్చింది. బరువు 96 గ్రాములు. ముందువైపు పలకల్లాంటి తెల్ల రాళ్లు, మధ్యలో పచ్చలు, అంచున చిన్న ముత్యాలు. వెనకవైపు ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో పూల మీనా, అంటే బంగారం మీద కాల్చిన రంగు గాజు పని. రెండు రాళ్లు నల్లబడ్డాయి. షాపులో చూపిస్తే "సగం లక్కే ఉంటుంది, కరిగించి కొత్త సెట్ చేయించుకోండి" అన్నారు. నిజంగా పాతదేనా, ఎంత వస్తుంది, ఎలా శుభ్రం చేయాలి, అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. కరిగించవద్దు. మార్పిడికి ఇవ్వవద్దు. నీళ్లు తగలనివ్వవద్దు. నల్లబడిన రెండు రాళ్లు బాగవుతాయి, అది పెద్ద పని కాదు. పాతదా కాదా అన్నది ఫొటోల్లో కొంత తెలుస్తుంది, చేత్తో పట్టుకుని చూస్తే చాలావరకు తెలుస్తుంది. అమ్మాయికి పంపే విషయంలో మాత్రం చట్టం ఉంది, అది చివర్లో చెప్తాను. హైదరాబాద్ పాతబస్తీలో, చార్‌కమాన్ ప్రాంతంలో పాత నగల రిపేర్, వెలకట్టే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. అక్కడ చూసినదాన్ని బట్టే ఇదంతా రాస్తున్నాను.

ముందు లక్క సంగతి, ఎందుకంటే మిమ్మల్ని భయపెట్టింది అదే. జడావు నగలో లక్క ఉండటం మోసం కాదు. ఆ నగ చేసే పద్ధతే అది. పల్చటి బంగారు రేకుతో డొల్లగా గూళ్లు తయారుచేస్తారు. లోపల లక్క నింపుతారు. ఒక్కో గూటిలో మెరిసే వెండి రేకు వేసి, దాని మీద రాయి కూర్చోబెడతారు. రాయికీ గూటి గోడకీ మధ్య సందులో స్వచ్ఛమైన మేలిమి బంగారాన్ని సన్నటి పట్టీలుగా చేసి, ఉక్కు పనిముట్టుతో నొక్కుకుంటూ పోతారు. బాగా శుద్ధి చేసిన బంగారం ఎంత మెత్తగా ఉంటుందంటే నిప్పు లేకుండా, టంకం లేకుండా, కేవలం ఒత్తిడికే ఒకదానికొకటి అతుక్కుపోతుంది. ఆ పట్టీలే కుందన్. రాయిని పట్టి ఉంచేది అదే, చుట్టూ మెరిసే అంచు కూడా అదే. కొక్కేలు, గోళ్లు ఏమీ ఉండవు.

కాబట్టి షాపు వాళ్లు 96 గ్రాముల్లోంచి లక్క, రాళ్లు తీసేసి లెక్క కట్టడం తప్పు కాదు. ఎవరైనా అలాగే కడతారు. కానీ ఆ లెక్కలో మిగిలేది బంగారం వెల మాత్రమే. వెనక ఉన్న మీనాకి, ఆ కుందన్ పనికి వాళ్ల లెక్కలో సున్నా. కరిగిస్తే మీనా గాజు పెంకులై పోతుంది. పోల్కీ రాళ్లు, అంటే చీల్చి కొద్దిగా సానపట్టిన వజ్రపు పలకలు, విడిగా వస్తాయి, అవి కూడా పల్చటి పలకలు కాబట్టి బరువు తక్కువ. పచ్చలు తీసేటప్పుడే కొన్ని విరుగుతాయి. అంత బంగారం మళ్లీ కొనొచ్చు, ఆ పని మళ్లీ చేయించలేరు.

ఇంతకీ వెనక మీనా ఎందుకు? ఒంటికి తగిలే వైపు, ఎవరికీ కనపడని వైపు ఇంత పని ఎందుకని చాలామంది అడుగుతారు. మెత్తటి మేలిమి బంగారం ఒంటికి రాసుకుని అరిగిపోకుండా గాజుపొర కొంత కాపాడుతుంది. అంతకంటే పెద్ద కారణం, నగ రెండువైపులా నగగానే ఉండాలని అప్పటి పనివాళ్లూ చేయించుకున్నవాళ్లూ అనుకోవడం. మొఘల్ కాలం నుంచి ఉన్న పద్ధతి ఇది. ఆమేర్ రాజు మొదటి మాన్‌సింగ్ 16వ శతాబ్దం చివర్లో లాహోర్ నుంచి మీనా పనివాళ్లను రప్పించాడని జైపూర్ సంప్రదాయం చెబుతుంది. పారదర్శకమైన జైపూర్ ఎరుపు ఇప్పటికీ ఎవరికీ అంత తేలిగ్గా చేతికి రాదు. బనారస్‌ది గులాబీ మీనా, తెల్లటి నేల మీద గులాబీ రంగుతో పూలు వేస్తారు. లక్నోలో వెండి మీద నీలం, ఆకుపచ్చ ఎక్కువ. బికనీర్, ఢిల్లీలోనూ మంచి పని జరిగింది. మన హైదరాబాద్‌లో నిజాముల కొలువు వల్ల ఈ పనంతా చేరింది. అందుకే వెనక మీనా కనిపించగానే "ఇది జైపూర్ సరుకు, మనది కాదు" అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పేసుకోకండి. నగ హైదరాబాద్‌లో తయారై మీనా పనివాడు ఉత్తరాది వాడై ఉండొచ్చు, రెండూ నిజమే కావచ్చు.

మీనా ఎలా చేస్తారో తెలిస్తే మీరే సగం పరీక్ష చేసుకోగలరు. చెక్కేవాడు బంగారంలో పూల ఆకారాన్ని గుంటలుగా తవ్వి, గీతల్ని మాత్రం పైకి వదిలేస్తాడు. గుంట అడుగున కూడా సన్నటి గీతలు గీస్తాడు. గాజుపొడిలో లోహ ఆక్సైడ్ల రంగు కలిపి ఆ గుంటల్లో నింపి కొలిమిలో కాలుస్తారు. ఎక్కువ వేడి తట్టుకునే రంగులు ముందు, ఎరుపు చివర. చల్లారాక అరగదీసి నున్నగా చేస్తారు. ఇదంతా అయ్యాకే లక్క నింపి రాళ్లు పొదుగుతారు, ఎందుకంటే మీనాకి కావాల్సింది ఏడెనిమిది వందల డిగ్రీల వేడి, లక్క వంద డిగ్రీలు రాకముందే మెత్తబడిపోతుంది.

ఈ వరసని గుర్తుపెట్టుకోండి. రిపేర్ల పేరుతో జరిగే నష్టమంతా దీన్ని మరిచిపోవడం వల్లే. "మీనా పెచ్చు ఊడింది, మళ్లీ వేయించి ఇస్తాం" అని ఎవరైనా అంటే రెండే దారులు. ఒకటి, రాళ్లన్నీ పీకి, లక్క కరిగించి, మళ్లీ కొలిమిలో పెట్టి, మళ్లీ పొదగడం, అంటే పాత నగని విప్పేసి కొత్త నగ చేయడం. రెండు, పెచ్చు ఊడిన చోట రంగు రెసిన్ పూసి మీనా అని చెప్పడం. రెండూ వద్దు. పెచ్చు ఊడిన చోటు అలాగే ఉండనివ్వండి. వెల కట్టేవాళ్లకి ఆ ఊడిన చోటే సాక్ష్యం, అక్కడ గుంట అడుగున చెక్కిన గీతలు కనపడతాయి.

ఇక పాతదా కాదా అన్నది. పది రెట్ల భూతద్దం కొనుక్కోండి, వందల్లో దొరుకుతుంది. పగటి వెలుతురులో, మెత్తటి గుడ్డ పరిచి చూడండి.

వెనకవైపుతో మొదలుపెట్టండి. నిజమైన మీనా గాజు. ఎక్కడైనా పెచ్చు ఊడి ఉంటే అంచు గాజుముక్కలా పదునుగా, గవ్వ ఆకారంలో విరిగి ఉంటుంది. రంగు పూత అయితే పొరలా లేచి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చల గుండా కింద బంగారం మెరుస్తూ కనపడాలి. అరుగుదల కూడా చూడండి. ఒంటికి ఎక్కువ తగిలే ఎత్తైన చోట్ల మెరుపు తగ్గి సన్నటి గీతలు ఉండాలి, లోపలి మూలల్లో పాత మెరుపు మిగిలి ఉండాలి. అంతా ఒకేలా మసకగా ఉంటే కావాలని చేసిన పాతదనం. ఇప్పుడు షాపుల్లో "యాంటిక్" అని అమ్మేవన్నీ కొత్త నగలే, పైన మాత్రం మసక పాలిష్ ఉంటుంది. అవి చెడ్డవని కాదు, వాటికీ మీ హారానికీ సంబంధం లేదు.

ముందువైపు రాళ్లు ఒక్కోటి ఒక్కో ఆకారంలో, ఒక్కో మందంలో ఉండాలి. పాత పోల్కీ వజ్రాలు చీల్చి కొద్దిగా సానపట్టిన పలకలు, అచ్చుపోసినట్టు ఉండవు. వాటి లోపల మచ్చలు, పగుళ్ల గీతలు సహజం. అన్నీ ఒకే కొలతలో, లోపల గుండ్రటి బుడగలతో ఉంటే గాజు. కుందన్ అంచు మెత్తటి పసుపుతో, కొద్దిగా ఎగుడుదిగుడుగా, చేత్తో నొక్కిన ఆనవాలుతో ఉంటుంది.

కాలాన్ని పట్టిచ్చే గుర్తులు మరికొన్ని ఉన్నాయి. మంట పద్ధతిలో కృత్రిమ కెంపులు తయారుచేయడాన్ని వెర్నూయ్ 1902లో లోకానికి చెప్పాడు. కాబట్టి మీ నగలో లోపల వంపు తిరిగిన గీతలున్న కెంపు ఉంటే, నగ దాని తర్వాతిదన్నా అవ్వాలి, లేదా ఆ రాయి తర్వాత మార్చినదన్నా అవ్వాలి. పెంచిన (కల్చర్డ్) ముత్యాలు 1920ల తర్వాతే విరివిగా వచ్చాయి. అంతకు ముందువి ఎక్కువగా గల్ఫ్ నుంచి వచ్చిన సహజమైన బస్రా ముత్యాలు. తేడా కచ్చితంగా తేలాలంటే ల్యాబ్‌లో ఎక్స్‌రే తీయాలి. బంగారం నాణ్యతకి ప్రభుత్వ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వేసే హాల్‌మార్క్ ముద్ర ఉంటే ఆ ముద్ర 2000 తర్వాతిది, ఎందుకంటే బంగారానికి ఆ పథకం మొదలైందే అప్పుడు. ముద్ర లేకపోతే కంగారు వద్దు. 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్కింగ్ తప్పనిసరి చేసినప్పుడు కూడా కుందన్, పోల్కీ, జడావు నగలకు మినహాయింపు ఇచ్చారు. "ముద్ర లేదు కాబట్టి ధర తగ్గిస్తాం" అనే మాట ఈ నగ విషయంలో చెల్లదు.

వెనక కట్టుకునే పట్టు దారం కొత్తగా ఉందని రాశారు. దాన్ని బట్టి ఏదీ తేల్చకండి, దారం ఎప్పటికప్పుడు మార్చేదే. పాతబస్తీలో పట్వాలు, అంటే నగల దారాలు అల్లే పనివాళ్లు, ఇప్పటికీ జరీ కలిపి చక్కగా అల్లి ఇస్తారు.

ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. పాత హారాల్లో అన్ని భాగాలూ ఒకే వయసువి కావడం అరుదు. ఒకసారి ఒక కుటుంబం తెచ్చిన పతకం వెనక మీనా చాలా పాతది, చెయ్యి తిరిగినవాడి పని. ముందున్న కెంపులన్నీ కృత్రిమమే. మధ్యలో ఎప్పుడో ఎవరో అవసరం పడి అసలు కెంపులు అమ్ముకుని వీటిని పొదిగించారు. ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా ఆ పతకానికి విలువ పోలేదు, వెనక పని వల్లే నిలబడింది. తలపాగా నగని విప్పి హారంగా మార్చినవి కూడా హైదరాబాద్‌లో చాలా చూశాను. మీ హారంలో కూడా ఒక్కో బిళ్ళ వెనకా మీనా ఒకే చేతిపనిలా ఉందో లేదో పోల్చి చూడండి.

"గోల్కొండ వజ్రాలు" అని మీ ఇంట్లో చెప్పుకుంటారని రాశారు. ఆ మాట వినడానికి మనందరికీ ఇష్టం. కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల గనుల నుంచి లోకానికి వజ్రాలు వెళ్లిన మాట నిజం. 18వ శతాబ్దంలో బ్రెజిల్ వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి మన దేశమే ముఖ్యమైన ఆధారం. కానీ 1870ల నుంచి దక్షిణాఫ్రికా వజ్రాలు అన్నిచోట్లకీ వచ్చాయి. నిజాం నగల్లో పేరుపడ్డ 184.75 క్యారెట్ల జాకబ్ డైమండ్ కూడా దక్షిణాఫ్రికాదే. పొదిగిన పోల్కీ ఏ గనిదో చూసి చెప్పడం కుదరదు. అలా చెప్పి ఎక్కువ అడిగేవాళ్లనీ, కాదని చెప్పి తక్కువ ఇవ్వబోయేవాళ్లనీ ఇద్దర్నీ నమ్మవద్దు.

షాపులో చేసే పరీక్షల గురించి జాగ్రత్త. వజ్రం పరికరంతో "బీప్" వస్తే వజ్రమే అంటారు. పల్చటి పోల్కీ అంచు దగ్గర ఆ ముల్లు బంగారానికి తగిలినా కొన్ని పరికరాలు మోగుతాయి. వేడిని బట్టి చెప్పే పరికరాలు వజ్రంలా మెరిసే వేరే రాయి అయిన మొయిసనైట్‌ని కూడా వజ్రమనే చెబుతాయి. బంగారం ఎంత మేలిమో చెప్పే క్యారెట్ మీటర్ చూపే అంకె పైపొరది మాత్రమే. కుందన్ అంచు మీద పెడితే మేలిమి చూపిస్తుంది, టంకం మీద పెడితే తక్కువ చూపిస్తుంది. గూటి పక్క గోడ మీద, వెనక కొక్కెం మీద విడివిడిగా చూడమనండి. నీళ్లలో ముంచి సాంద్రత చూస్తామంటే నగ వెనక్కి తీసేసుకోండి. లోపల లక్క ఉన్నప్పుడు ఆ లెక్కకి అర్థమే లేదు, పైగా నగ పాడవుతుంది. ల్యాబ్ కాగితం మంచిదే, కానీ వెనక మూసి ఉన్న రాయిని ల్యాబ్ వాళ్లు కూడా ఒకవైపు నుంచే చూడగలరు, విడిగా తూచలేరు. అందుకే అందులో క్యారెట్ల బరువు అంచనాగానే ఉంటుంది.

నల్లబడిన రాళ్ల విషయానికి వస్తే, రాయి నల్లబడలేదు. వెనక ఉన్న వెండి రేకు నల్లబడింది. కుందన్ ఎక్కడో సందు ఇచ్చింది, చెమటో నీళ్లో సెంటో లోపలికి పోయింది. మన ఇళ్లలో పెళ్లి ముందు బంగారమంతా కుంకుడుకాయ రసంలో నానబెట్టి బ్రష్‌తో తోమే అలవాటు ఉంది. మామూలు బంగారానికి అది బాగానే పనిచేస్తుంది. జడావుకి మాత్రం అంత చేటు ఇంకోటి లేదు. పెళ్లి రెండు రోజుల్లో ఉందనగా జడావు గాజుల జత అలా నానబెట్టి తెచ్చినవాళ్లు ఉన్నారు, సగం రాళ్లు బొగ్గుల్లా ఉన్నాయి. ఆ కంగారులో, ఆ టెన్షన్‌లో ఎవరు ఏం చెప్పినా ఒప్పుకునే స్థితిలో ఉంటారు. అల్ట్రాసోనిక్ మెషీన్, ఆవిరి కూడా ఇంతే చేటు.

బాగు చేయడం ఇలా: కుందన్ పనివాడు ఆ ఒక్క రాయి చుట్టూ పట్టీ విప్పి, రాయి తీసి, కొత్త రేకు వేసి, మళ్లీ కుందన్ నొక్కుతాడు. నల్లబడిన రెండే చేయించండి. "పనిలో పనిగా అన్నీ మార్చేద్దాం" అంటే ఒప్పుకోకండి. అన్ని రాళ్లూ విప్పితే మారిపోయే అవకాశం కూడా ఉంది. ఇచ్చేముందు ఒక్కో రాయి దగ్గరగా ఫొటో తీయండి, లోపలి మచ్చలు కనపడేలా. బరువు రాయించుకోండి. కుదిరితే ఎదురుగా కూర్చుని చేయించుకోండి, మంచి పనివాడు దానికి బాధపడడు. కొక్కెం ఊడితే మంటతో టంకం పెట్టనివ్వకండి, లక్క కరిగి రాళ్లు కదిలిపోతాయి. లేజర్‌తో అతికే చోటికి వెళ్లండి.

ఇంట్లో శుభ్రం అంటే పొడి, మెత్తటి నూలు గుడ్డతో నెమ్మదిగా తుడవడం, అంతే. సెంటు, హెయిర్ స్ప్రే అన్నీ అయ్యాక చివర్లో పెట్టుకోండి, తీసిన వెంటనే తుడవండి. విడిగా మల్‌మల్ గుడ్డలో చుట్టి, గట్టి డబ్బాలో పెట్టండి. వేరే నగలతో కలిపితే మీనా గీసుకుపోతుంది.

వెల గురించి ఒక అంకె చెప్పమన్నారు. చూడకుండా చెప్పను, చెప్పేవాళ్లని మీరూ నమ్మకండి. వెల నాలుగు వాటి మీద ఉంటుంది: నికర బంగారం, రాళ్లు, పనితనం, ఆ నగ ఎవరిదో చెప్పే ఆధారం. మొదటి రెండూ ఎవరైనా ఇస్తారు. తర్వాతి రెండిటికీ ఇచ్చేవాళ్లు తక్కువ: పాత నగల మీద ప్రేమ ఉన్న కొద్దిమంది డీలర్లు, వేలం సంస్థలు, సేకరించేవాళ్లు. భారత ప్రభుత్వం 1995లో నిజాం నగలు 173 వస్తువులు 218 కోట్లకు కొంది. 2019లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో మొఘల్, మహారాజుల నగలు దాదాపు 109 మిలియన్ డాలర్లు పలికాయి. ఈ వార్తలు చదివి ఇంట్లో నగకి ఆశలు పెంచుకునేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. అక్కడ పలికింది రాజుల చరిత్రకి కూడా. మీ హారానికి ఆధారం మీ ఇంట్లోనే ఉండొచ్చు. మీ అత్తగారి అత్తగారు అది వేసుకుని దిగిన పాత స్టూడియో ఫొటో ఉంటే వెతకండి. పసుపు, కుంకుమ అంటిన పాత రసీదు, పసుపు కుంకుమ కింద రాసిన కాగితం, ఏదున్నా దాచండి. నా అనుభవంలో పెళ్లి ఫొటో ఒక్కటి వెలని బాగా మార్చేసింది.

ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యూయర్‌తో రాతపూర్వకంగా వెల కట్టించుకోండి, ఇన్సూరెన్స్‌కీ పనికొస్తుంది. ఎప్పుడైనా అమ్మితే పన్ను లెక్కకి, 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచి కుటుంబంలో ఉన్న నగకు ఆ తేదీ నాటి వెలని తీసుకునే వెసులుబాటు ఉంది. ఆ తేదీ వెల కూడా అదే రిపోర్ట్‌లో రాయించండి.

ఆడపడుచుకి సగం ఇవ్వాలని అనుకుంటున్నామన్నారు. హారాన్ని రెండు ముక్కలు చేయకండి, దయచేసి. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇలాగే వచ్చినప్పుడు, ఒకరు హారం ఉంచుకుని ఇంకొకరికి అంత విలువకి బంగారం ఇవ్వమని చెప్పాను, వాళ్లు అలాగే చేసుకున్నారు. ముక్కలైన హారంలో ఏ ముక్కకీ సగం వెల రాదు.

చివరగా అమెరికా సంగతి. వందేళ్లు దాటిన నగ 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం కిందికి వస్తుంది. అలాంటిదాన్ని వ్యక్తులు దేశం బయటికి పంపడం నిషేధం. ఇంటి నగే అయినా, అమ్మకపోయినా అంతే. మీ లెక్క ప్రకారం మీ అత్తగారి అత్తగారి పెళ్లి 1938 ప్రాంతంలో, అప్పటికే హారం పాతదని చెప్పుకుంటారు, కాబట్టి మీది సరిగ్గా ఆ గీత మీద ఉంది. వందేళ్లు కాలేదని నమ్మకం ఉంటే భారత పురావస్తు శాఖకి చూపించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకున్నాకే పంపండి. ఎవరో చేతి సంచిలో పట్టుకెళ్తామంటే ఇవ్వవద్దు. కస్టమ్స్‌లో పట్టుబడితే నగ చేజారుతుంది. అమ్మాయి వచ్చినప్పుడల్లా ఇక్కడే వేసుకోవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది: పగటి వెలుతురులో వెనకవైపు మొత్తం ఒక ఫొటో, మీనా పెచ్చు ఊడిన చోట దగ్గరగా ఒకటి, నల్లబడిన రెండు రాళ్లు ఒకటి, కొక్కెం దగ్గర ఒకటి తీసి ఇక్కడే పెట్టండి. ఫ్లాష్ వద్దు. ఫొటోలో మీ ఊరు, ఇల్లు, మొహాలు కనపడకుండా చూసుకోండి. అవి చూశాక మీనా ఎక్కడి పనో, ఏ కాలందో నాకు తోచినంత రాస్తాను.